ఇంటి గ్యారేజీలో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు: ఎంజీబీనా, స్పిట్‌ఫైరా, టీఆర్6నా?

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి కొని, సెలవు రోజుల్లో ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకుందామని ముచ్చటపడేవారు సాధారణంగా ముందు కారు అందం చూస్తారు, తరువాత ఇంజిన్ చప్పుడు వింటారు, అడుగున ఉన్న రేకును అన్నిటికంటే చివర చూస్తారు. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలని నేను గట్టిగా చెబుతాను. ఇంజిన్‌ను విప్పి బిగించడం ఓపిక ఉన్న ఎవరికైనా పట్టుబడే పని. పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్లు ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. తుప్పు తిన్న బాడీ సంగతి అలా కాదు. దాన్ని కోసి, కొత్త రేకు అతికి, తలుపులు మునుపటిలా పడేటట్టు నిలబెట్టడానికి ఇంజిన్ పనికి ఎన్నో రెట్ల కాలం పడుతుంది, ఆ పనిని బయట చేయిస్తే ఖర్చు కారు విలువను సులువుగా దాటిపోతుంది. కాబట్టి ఏ కారు కొనాలన్నది ఆ కారు బాడీని ఎలా కట్టారు, మీ గ్యారేజీలో చోటెంత ఉంది, మీకు వెల్డింగ్ ఎంతవరకు వచ్చు అన్న మూడు విషయాలను బట్టి తేల్చుకోవాలి.

నేను ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్‌లో ఉంటాను. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల వెంట ఎగిరి, బాడీ అడుగున ఉన్న డొల్ల భాగాల్లోకి చేరి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. బయట రంగు మీద చిన్న బుడగ కనిపించే నాటికి లోపల చేతివేళ్లు పట్టేంత రంధ్రం పడి ఉంటుంది. ఒక ఎంజీబీ జీటీని (పైకప్పు ఉన్న ఎంజీబీని) సొంతంగా, ఒక స్పిట్‌ఫైర్‌ను మిత్రుడితో కలిసి బాగుచేసిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను.

ఎంజీబీ

ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా బయటికి వచ్చాయి. అన్ని కార్లు ఉండడం వల్లే దీని సామాను వ్యాపారం ఇంకా చురుకుగా సాగుతోంది. తలుపు పిడి దగ్గరి రబ్బరు ముక్క మొదలుకొని మొత్తం బాడీ షెల్ దాకా దొరకని వస్తువంటూ దాదాపు లేదు.

దీని ఇంజిన్ 1798 సీసీ బీ-సిరీస్. ఇదే కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజిన్‌తోనే మన అంబాసిడర్ దశాబ్దాల పాటు తిరిగింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మెకానిక్ అంబాసిడర్ బోనెట్ ఎత్తి ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేస్తుంటే పక్కన నిలబడి చూసినవారికి ఎంజీబీ బోనెట్ కింద ఉన్నది పరిచయమైన వస్తువే: అవే పుష్ రాడ్లు, అదే రాకర్ షాఫ్టు. 0.015 అంగుళాల ఫీలర్ గేజ్, ఒక పానా, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే ఒక ఉదయంలో ట్యాపెట్ల పని అయిపోతుంది. 1964 చివరి నుంచి ఈ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టుకు మూడు బదులు ఐదు మెయిన్ బేరింగులు అమర్చారు కాబట్టి, ఎంచుకునే వీలుంటే ఆ తరువాతి కారునే ఎంచుకోవడం మంచిది.

అసలు పరీక్ష బాడీ దగ్గర ఉంది. ఎంజీబీకి ఛాసిస్ అంటూ వేరుగా లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా పెట్టెలా సాగే భాగాన్ని సిల్ అంటారు. ఇది బయటికి కనిపించే ఒక్క రేకు కాదు. బయటి సిల్, మధ్యలో నిలువుగా నిలిచే అడ్డురేకు, లోపలి సిల్, దాని కింద మెట్లు మెట్లుగా ఉండే పట్టీ కలిసి ఒక దూలంలా పనిచేస్తాయి. పైకప్పు లేని రోడ్‌స్టర్ మధ్యకు వంగిపోకుండా పట్టి ఉంచే బాధ్యతలో అధిక భాగం ఈ రెండు సిల్స్ మీదే ఉంటుంది. దీన్ని సరిగ్గా మార్చాలంటే ముందు వింగ్‌ను (చక్రం పైని రేకును) విప్పాలి, వెనుక వింగ్ అడుగు భాగాన్ని కోయాలి, ఎందుకంటే సిల్ రెండు వైపులా వాటి వెనక్కి దూరి ఉంటుంది. అంత శ్రమ పడలేక తుప్పు మీదే కొత్త రేకు కప్పి, లప్పం పెట్టి, రంగు వేసి అమ్మిన కార్లు లెక్కలేనన్ని ఉన్నాయి.

నేను కొన్నది అలాంటిదే. సిల్ నున్నగా, మెరుస్తూ ఉంది. ఇంటికి తెచ్చాక ఒక శనివారం గ్రైండర్‌తో అంగుళం వెడల్పున కోసి చూస్తే, కొత్త రేకు వెనుక పాత రేకు, దాని వెనుక అంతకంటే పాత రేకు కనిపించాయి. మూడో పొరను స్క్రూడ్రైవర్‌తో తాకగానే గోధుమరంగు పొడిలా రాలి చేతిలో పడింది. ఆ రోజు తొలగించిన తుప్పు ఒక చిన్న బకెట్‌కు సగం నిండింది. జీటీకి పైకప్పు ఉండడం వల్ల బాడీ వంగకుండా నిలిచింది. రోడ్‌స్టర్ అయితే సిల్ కోసే ముందు తలుపు చోటులో అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డ్ చేసి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపుకు వెళ్లాలి. ప్రతి దశలోనూ తలుపును బిగించి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. తొందరపడి రెండు సిల్స్‌నూ ఒకేసారి కోసినవారి కారులో తలుపు మళ్లీ సరిగ్గా మూసుకోదు.

ఈ కారణం చేత, వెల్డింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నవారికి రోడ్‌స్టర్ కంటే జీటీ మేలని నా సలహా. 1965లో వచ్చిన జీటీ సాధారణంగా రోడ్‌స్టర్ కంటే తక్కువ ధరకు దొరుకుతుంది, గాలీ వానా తట్టుకుంటుంది, వెనుక సీటు లాంటిది కూడా ఒకటి ఉంటుంది. ఎండాకాలంలో పైకప్పు తీసి తిరగాలన్నదే మీ కోరికైతే ఈ సలహా మీకు వర్తించదు. అప్పుడు మంచి సిల్స్ ఉన్న రోడ్‌స్టర్ కోసం ఓపికగా వెతకాలి.

క్రోమ్ బంపరా, రబ్బరు బంపరా అన్న ప్రశ్న ఎంజీబీ కొనేవారందరికీ ఎదురవుతుంది. అమెరికా భద్రతా నిబంధనల కోసం 1974 చివరి నుంచి నల్లటి పెద్ద బంపర్లు పెట్టి, కారు ఎత్తును కూడా కొంత పెంచారు. ఆ ఎత్తు వల్ల మలుపుల్లో కారు ఒరగడం ఎక్కువైంది. 1977 మోడల్ నుంచి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. అందం విషయంలో క్రోమ్ బంపర్ కారుదే పైచేయి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. పరిమితమైన డబ్బుతో ఆరోగ్యమైన బాడీ కావాలనుకుంటే మాత్రం 1977 తరువాతి రబ్బరు బంపర్ కారును నిస్సంకోచంగా తీసుకోవచ్చు. 1967కు ముందు కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపును బాడీకి కలిపారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అది తెలియక ఈనాటి రేడియోనో ఫోన్ ఛార్జర్‌నో కలిపితే అది కాలిపోతుంది.

బాడీ పూర్తిగా పాడైపోతే ఇంకో దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ నాటి అసలు అచ్చులతోనే ఎంజీబీ కొత్త బాడీ షెల్స్‌ను 1988 నుంచి తయారుచేస్తోంది. కొత్త షెల్ ఖరీదైనదే, కానీ సిల్స్, నేల, రెండు వింగులు, వెనుక స్ప్రింగు పట్టీలు అన్నీ మార్చాల్సిన కారుకు విడి ప్యానెళ్ల ఖర్చు, మీ రెండేళ్ల శని ఆదివారాలు కలిపి లెక్కవేస్తే తేడా అనుకున్నంత ఉండదు. రెండు సిల్స్, కొంచెం నేల మాత్రమే పోయిన కారుకు షెల్ మార్చడం అనవసరం.

స్పిట్‌ఫైర్

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా 1962లోనే మొదలై 1980లోనే ఆగింది. ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి రూపం గీశారు. కోవెంట్రీలోని కాన్లీ ఫ్యాక్టరీలో మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. మద్రాసులో తయారై మన ఊళ్లలో తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్‌ను గుర్తుంచుకున్న పెద్దలకు దీని ముందు భాగం ఎత్తి చూపిస్తే వెంటనే పోల్చుకుంటారు, ఎందుకంటే స్పిట్‌ఫైర్ ఛాసిస్ ఆ హెరాల్డ్ ఛాసిస్ నుంచే పుట్టింది. బోనెట్, రెండు ముందు వింగులు ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. ఇంటి దగ్గర పనిచేసుకునేవారికి ఇంతకంటే సౌకర్యం మరొకటి లేదు: ముందు టైరు మీద కూర్చుని కార్బురేటర్లను, డిస్ట్రిబ్యూటర్‌ను, స్టార్టర్‌ను నడుము వంచకుండా అందుకోవచ్చు.

ఛాసిస్ వేరుగా ఉంది కాబట్టి సిల్స్ తుప్పు పట్టినా ఫరవాలేదని అమ్మేవారు చెబితే నమ్మకండి. హెరాల్డ్ ఛాసిస్‌కు పక్కలకు సాగిన చేతులు స్పిట్‌ఫైర్‌లో లేవు. ఆ బరువును సిల్స్ మోస్తాయి. పైగా వెనుక చక్రాలను ముందూ వెనుకా కదలకుండా పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్‌లు సీట్ల వెనుక బాడీకే బిగించి ఉంటాయి. అక్కడ రేకు మెత్తబడితే వెనుక చక్రం తన చోట నిలవదు. అయినా ఎంజీబీ సిల్ కంటే దీని నిర్మాణం సులువు, ప్యానెళ్లు చిన్నవి, ధరా తక్కువే.

ఇంజిన్ 1147 సీసీతో మొదలై, 1296 సీసీ అయి, చివరికి 1493 సీసీకి పెరిగింది. నాకు 1296 సీసీ ఇంజిన్ అంటే ఇష్టం. అది ఉత్సాహంగా తిరుగుతుంది, క్రాంక్ షాఫ్టు తొందరగా అరగదు. 1493 సీసీ ఇంజిన్‌కు బలం ఎక్కువే గాని, క్రాంక్ షాఫ్టును ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లను తప్పక పరీక్షించాలి. ఒకరిని క్లచ్ నొక్కమని చెప్పి, ఇంజిన్ ముందున్న పుల్లీని గమనించండి. పుల్లీ కంటికి కనిపించేలా ముందుకు జరిగితే వాషర్లు అరిగాయని అర్థం. అవి జారి కింద పడిపోతే ఇంజిన్ బ్లాకే పాడవుతుంది. 1970కి ముందు కార్లలో వెనుక యాక్సిల్ మలుపు మధ్యలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే చక్రాలను లోపలికి మడిచే స్వభావం కలది. ఆ ఏడాది వచ్చిన నాలుగో రూపం మార్క్ ఫోర్‌లో స్ప్రింగు అమరిక మార్చి ఆ ప్రమాదాన్ని బాగా తగ్గించారు. కొత్తగా నేర్చుకునేవారు మార్క్ ఫోర్ నుంచి చూడడం క్షేమం.

ఒకే కారు పట్టే గ్యారేజీ ఉన్నవారికి, వెల్డింగ్‌లో ఇంకా చేయి తిరగనివారికి నేను ముందుగా చెప్పే పేరు స్పిట్‌ఫైర్. కారు పొడవు నాలుగు మీటర్లలోపే ఉంటుంది. కానీ ఆరడుగుల మనిషి కొనే ముందు ఒకసారి కూర్చుని చూడాలి.

టీఆర్6, మిగిలినవి

1968 నుంచి 1976 వరకు వచ్చిన ట్రయంఫ్ టీఆర్6లో 2498 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంటుంది; దాని గొంతు విన్నవారికి మిగతా రెండూ చప్పగా అనిపిస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఇంటి పనికి ఇది పెద్ద కారు. వెనుక ఆక్సిల్ చేతులు బిగించే చోట ఛాసిస్ లోపలి నుంచి తుప్పు పడుతుంది, డిఫరెన్షియల్ పట్టీలు పగులుతాయి. వాటిని శాశ్వతంగా సరిచేయాలంటే బాడీని ఛాసిస్ మీది నుంచి ఎత్తక తప్పదు. ఎత్తాక బాడీ ఒకచోట, ఛాసిస్ ఒకచోట ఉంటాయి కాబట్టి రెండు కార్ల చోటు కావాలి. బ్రిటన్‌లో అమ్మిన కార్లకు లూకాస్ మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండేది. బాగా సర్దితే అద్భుతంగా పనిచేస్తుంది, కానీ పెట్రోలును కొలిచి పంపే దాని మీటరింగ్ యూనిట్‌ను విప్పడం ఇంట్లో చేయదగిన పని కాదు. అమెరికాకు వెళ్లిన కార్లలో కార్బురేటర్లే ఉన్నాయి. ఇది మీ రెండో కారు కావాలి, మొదటిది కాకూడదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక అనుకూలత ఉంది. ఎంజీబీలూ టీఆర్6లూ పెద్ద సంఖ్యలో అక్కడికే వెళ్లాయి. అరిజోనా, కాలిఫోర్నియా వంటి పొడి వాతావరణంలో రంగు ఎండిపోయి, సీట్లు చిరిగిపోయి, బాడీ మాత్రం గట్టిగా ఉన్న కార్లు ఇంకా కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో 1975 మోడల్, అంతకు ముందు కార్లకు పొగ పరీక్ష అక్కరలేదు. ఒక్క ఏడాది తేడా అక్కడ ఎంతో తలనొప్పిని తప్పిస్తుంది.

ఎంజీ మిడ్జెట్, ఆస్టిన్-హీలీ స్ప్రైట్ చాలా చిన్నవి, చవకైనవి. స్పిట్‌ఫైర్‌లాగే అవీ చిన్న గ్యారేజీలో ఇముడుతాయి, కాకపోతే వాటిలో కాళ్లు చాపే చోటు ఇంకా తక్కువ. కప్ప కళ్లలాంటి లైట్లున్న 1958 నాటి మొదటి స్ప్రైట్ ధర ఇప్పుడు చవక అనేలా లేదు. లోటస్ ఎలాన్ బాడీ ఫైబర్ గ్లాస్ కాబట్టి తుప్పు పట్టదు, ఛాసిస్ విప్పి కొత్తది వేయవచ్చు. అప్పట్లో కొనుగోలు పన్ను తప్పించుకోవడానికి చాలామంది దీన్ని విడిభాగాలుగా కొని తమ ఇంట్లోనే బిగించుకున్నారు. దీని ట్విన్-క్యామ్ ఇంజిన్ పని మాత్రం ఖరీదైనది. ఇక జాగ్వార్ ఈ-టైప్ గురించి అడిగేవారికి నా జవాబు ఒక్కటే: ఆ పొడవాటి బోనెట్ సరిగ్గా కూర్చోబెట్టడమే నిపుణులకు వారాల పని, ఒకే గ్యారేజీతో దాని జోలికి వెళ్లకండి.

కారు ఏదైనా తేల్చుకోవలసినవి

పూర్తిగా బిగించి ఉన్న కారు కొనాలా, విప్పి పెట్టెల్లో పెట్టిన కారు కొనాలా? పెట్టెల కారు చవకగా వస్తుంది, కానీ ఏ బోల్టు ఎక్కడిదో చెప్పే మనిషి లేకపోతే ఆ చవక మిగలదు. ఇంజిన్ పట్టేసినా సరే, అన్ని భాగాలూ తమ తమ చోట్ల ఉన్న కారునే కొనండి. విప్పే ముందు ప్రతి మూలనూ ఫోటో తీసి, బోల్టులను విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాయండి.

ఇండియా నుంచి తెచ్చుకున్న మిల్లీమీటర్ పానాల సెట్టును ఈ కార్ల మీద వాడకండి. ఈ బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళం పానా పట్టే బోల్టు తల వెడల్పు 12.7 మిల్లీమీటర్లు, 13 పానా దాని మీద వదులుగా కూర్చుని, తుప్పు పట్టిన బోల్టు అంచులను గుండ్రంగా చేసేస్తుంది. ఒక మంచి అంగుళాల సెట్టు కొనడం మొదటి ఖర్చు కావాలి.

కార్బురేటర్లు అరిగిపోయాయని ఎవరైనా కొత్తవి అంటగట్టబోతే, ముందు ఈ కార్లలో తరచూ కనిపించే పాత ఎస్‌యూ రకం కార్బురేటర్‌ను ఒకసారి సరిదిద్ది చూడండి. పైనున్న మూత విప్పి నూనె ఉందో లేదో చూడండి. ఇంజిన్ వేడెక్కాక, పక్కనున్న చిన్న పిన్నుతో లోపలి పిస్టన్‌ను మిల్లీమీటర్ మేర మాత్రమే పైకెత్తండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతోంది. వేగం పడిపోయి ఆగబోతే తక్కువ పోతోంది. కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. అరగంటలో అయ్యే ఈ పనితో నా జీటీ ఒక చలి ఉదయాన మొదటి తిప్పుకే లేచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్‌లో పది శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ మార్చి, వీలైనంతవరకు ఐదు శాతం దాటని సూపర్ పెట్రోల్ వాడడం మంచిది. సిలిండర్ హెడ్ విప్పినప్పుడే సీసం లేని పెట్రోల్‌కు తట్టుకునే గట్టి వాల్వ్ సీట్లు వేయించండి. పాత బ్రేక్ షూలలో, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిపి తుడవండి.

రంగు విషయంలో నేను ఇంట్లో చేయవద్దంటాను. ఈనాటి టూ-ప్యాక్ రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా పిచికారీ చేస్తే ఊపిరితిత్తులు జీవితాంతం బాధపడతాయి. లప్పం, ప్రైమర్, రుద్దుడు వరకు ఇంట్లో చేసుకుని, చివరి రంగు మాత్రం బయట వేయిస్తే ఖర్చులో పెద్ద భాగం మిగులుతుంది.

నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో ఏటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డు మీద నడవడానికి తగినదో కాదో చూసే తనిఖీ) తప్పనిసరి కాదు. అయినా మీరు బాగుచేసిన కారును మొదటిసారి రోడ్డు మీదికి తెచ్చేటప్పుడు స్వచ్ఛందంగా చేయించండి. మీ బ్రేకు పైపులను మీరే బిగించినప్పుడు ఇంకొకరి కళ్లు చూడడం అవసరం.

కొనే రోజున వెంట తీసుకెళ్లవలసినవి ఒక టార్చి, పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్, ఒక జాకీ. అయస్కాంతం అంటుకోని చోట లప్పం ఉన్నట్టు. కారు చక్రాల మీద ఉండగా తలుపు వెనుక సందును వేలితో కొలిచి, సిల్ కింది జాకీ పాయింటు దగ్గర ఎత్తాక మళ్లీ కొలవండి. సందు మారినా, తలుపు పట్టేసినా ఆ సిల్‌లో బలం లేదు. జాకీ పెట్టనివ్వని మనిషి దగ్గర బేరమే ఆడకండి. మిత్రుడి స్పిట్‌ఫైర్ కోసం మేమిద్దరం ఆరు కార్లు చూసి, మెరిసే రంగుతో చక్కగా నడుస్తున్న ఐదింటిని వదిలి వచ్చాం. కొన్నది ఇంజిన్ పట్టేసి, నాలుగు టైర్లలోనూ గాలి లేక, ఏళ్లుగా ఒక రైతు షెడ్డులో కదలకుండా పడి ఉన్న కారు. కానీ దాని సిల్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖంగుమంది.